ఒక చెవితో కట్టుకున్న సినిమా గది

ఇరవై ఏళ్ళు బోరుబండి మీద పనిచేశాను. రాడ్డు భూమిలోకి దిగుతుంటే ఆ చప్పుడును బట్టే కింద మట్టి ఉందో, మెత్తరాయి ఉందో, గట్టి నల్లరాయి తగిలిందో చెప్పేవాణ్ణి. అలా నాకు అన్నం పెట్టిన చెవుల్లో ఎడమది, కంప్రెసర్ పక్కన నిలబడీ నిలబడీ పోయింది. బళ్ళారిలో డాక్టరు పరీక్ష చేసి, అది ఇక రాదనీ, వినికిడి మిషను పెట్టుకున్నా లాభం లేదనీ చెప్పాడు. "మాటలు వినపడతాయి. చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తోందో మాత్రం తెలీదు" అన్నాడు. అన్నట్టే అయింది. నా భార్య పిలిస్తే, వంటింట్లో ఉందో పెరట్లో ఉందో తెలియక నిలబడిన చోటే చుట్టూ తిరిగేవాణ్ణి.

బండి పని మానేసి, రాయదుర్గం పక్కన మా ఊళ్ళోనే మోటార్లు బాగుచేసుకుంటున్న రోజుల్లో నాకొక కోరిక పట్టుకుంది. రెండు చెవులూ బాగున్న కాలంలో బళ్ళారిలో ఒక హాల్లో సినిమా చూశాను. కథ మరిచిపోయాను. కానీ అందులో గాలి నా వీపు వెనక లేచి, తల పక్కగా సాగిపోయి, తెర మీది చెట్లను ఊపింది. దాన్ని మాత్రం మరిచిపోలేదు. అలాంటి గది మా ఇంట్లో ఉండాలనుకున్నాను. వేరుశనగ కాయలు నిలవ పెట్టుకునే బండల మిద్దె గది ఎలాగూ ఖాళీగానే ఉంది. ఇప్పుడు కాయలు పొలం దగ్గరే అమ్మేస్తున్నాం.

అనంతపురం నుంచి స్పీకర్లు తెప్పించాను. ముందు గోడకు మూడు, పక్కలకు రెండు, నెత్తి మీదికి రెండు, గుండె అదిరే మోత కోసం పెద్ద పెట్టె ఒకటి. బిగించడానికి వచ్చినతను ఏడింటినీ టీవీ గోడకే వరసగా కొట్టేసి, పెద్దదాన్ని కింద పెట్టి, "అన్నీ మోగుతాండాయి కదన్నా" అని వెళ్ళిపోయాడు.

చూడడానికి మా బావమరిది వచ్చాడు. "ఏం బావా, ఒక్క చెవి వినపడేవానికి ఇన్ని పెట్టెలు ఎందుకప్పా?"

"వినేది నేనొక్కణ్ణేనా? సరిగ్గా పలికేదాకా ఈ గదిని వదల్ను" అన్నాను.

పౌరుషానికి అన్న మాటే. అన్నాక ఇక వెనక్కి తగ్గాలనిపించలేదు.

మరునాడు అన్నీ ఊడదీశాను. వాటితో వచ్చిన పుస్తకంలోని బొమ్మలు చూసుకుంటూ, గది మధ్య నుంచి కొంచెం వెనక్కి ఒక కుర్చీ వేసి, దాని నుంచి ఒక్కో స్పీకరుకూ దారం లాగి కొలిచాను. ముందున్న ఎడమ, కుడి స్పీకర్లు కుర్చీకి సమాన దూరంలో ఉండాలి. పక్కవి చెవుల కంటే కాస్త ఎత్తులో, కొంచెం వెనగ్గా ఉండాలి. కొలతల వరకు నా చేతిలో పనే. సరిగా వినిపిస్తోందో లేదో చెప్పడానికి మాత్రం రెండు చెవులున్న మనిషి కావాలి.

నా భార్య రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేస్తుంది. వారమంతా మిషన్ల రొదలో ఉండి వచ్చే మనిషి. ఆదివారం ఆమెకు కావలసింది నిశ్శబ్దమని నాకు తెలుసు. అయినా అడిగాను.

"అర్ధగంట. కండ్లు మూసుకోని కూర్చో. చప్పుడు యాడ నుంచి వస్తాందో వేలితో చూపించు, చాలు."

"అర్ధగంటే" అని కూర్చుంది.

ఒక్కో స్పీకరులో 'స్స్' మనే చప్పుడు వదిలాను. ఆమె వేలు ముందుకు వెళ్ళి, పక్కకు తిరిగి, గాల్లో ఆగిపోయింది.

"నువ్వు ఒకటే పెడతాండావు. నాకేమో నాలుగు దిక్కుల నుంచీ వస్తాంది" అంది. లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు రాతిగోడల మధ్య కాసేపు తిరిగింది. "కాయలున్నప్పుడు ఈ గది ఇట్ల మోగేది కాదు."

మరుసటి వారం యూనిట్లో కత్తిరించి పారేసే జీన్స్ ముక్కలను అడిగి, మూటలు కట్టి తెచ్చింది. నేను చెక్క చట్రాలు కొట్టాను. ఆమె వాటిలో ముక్కలు కూరి, పైన గుడ్డ వేసి కుట్టింది. గోడలకు వేలాడదీశాక మోత చచ్చిపోయింది.

పాట పెట్టాను. ఆమె ముఖం చిట్లించింది. "పాడే మనిషి ముందర నిలబడినట్ల లేదు. గోడలకు అతుక్కుపోయినట్ల ఉండాడు."

"అంతా కొలిచి పెట్టినా. మిషన్ల మోత నీ చెవులకెక్కింది."

"నా చెవులు బాగుండాయి" అని లేచి వెళ్ళిపోయింది.

కోపంగా అన్న మాట కాదది. ఉన్నమాటే అంది. అందుకే గుచ్చుకుంది. స్క్రూడ్రైవర్ తీసుకుని ఒక్కో వైరూ విప్పి చూశాను. ముందున్న ఎడమ స్పీకరుకు ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారుగా ఉన్నాయి. బిగించింది నేనే. కుడి స్పీకరు గాలిని ముందుకు తోస్తుంటే ఎడమది వెనక్కి లాగుతోందన్నమాట. నా ఒంటి చెవికి అది ఎన్నాళ్ళయినా తెలిసేది కాదు. సరిచేసి, పెరట్లో ఉన్న ఆమె దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదే" అన్నాను. ఆమె వచ్చి కూర్చుని, పాట సగం దాకా విని, "ఇప్పుడొచ్చినాడు ముందరికి" అంది.

ఇక మిగిలినవి నెత్తి మీదివి. మిద్దె బండకు తూటు పెడితే కారుతుంది. గోడ నుంచి గోడకు పైపు వేసి వేలాడదీస్తే వంగిపోయింది. ఇనుప యాంగిల్ తెచ్చి మళ్ళీ వేశాను. ఆ ఆదివారం మధ్యాహ్నం వాన పడే దృశ్యమొకటి పెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని వింటూ, ఉన్నట్టుండి లేచి తలుపు తీసి ఆకాశం వైపు చూసింది. బయట తెల్లటి ఎండ. ఆ ఏడు మాకు వానే లేదు. కాయ పంట చేలోనే మాడిపోయింది. గడప దగ్గర కాసేపు నిలబడి లోపలికి వచ్చింది.

"ఆ వాన మళ్ళీ పెట్టు."

మూడుసార్లు పెట్టాను. మూడోసారి అయ్యాక అడిగింది, "నీకెట్ల వినపడతాంది?"

అబద్ధం చెబుదామనుకుని మానేశాను. "అంతా కుడిపక్కనే. పైనా, వెనకా ఏమీ లేదు."

ఆమె తన కుర్చీ తెచ్చి నా ఎడమ పక్కన వేసుకుంది. సినిమా నడుస్తుంటే, ఎడమ నుంచి చప్పుడు వచ్చినప్పుడల్లా నా భుజం మీద వేలితో తట్టింది. వెనక నుంచి వస్తే వీపు మీద తట్టింది. మొదట నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు పోయి, తట్టిన వైపు నిజంగానే ఏదో కదిలిపోతున్నట్టు అనిపించింది.

ఒకరోజు వచ్చి ఆ వాన విని వెళ్ళిన మా బావమరిది, నెల తిరక్కుండా కుందుర్పిలో తన స్నేహితుడి ఇంట్లో కూడా అలాంటి గది కట్టిమ్మని వచ్చాడు.

"కట్టిస్తా. మీ అక్క కూడా రావల్ల" అన్నాను.

"ఆదివారమైతే వస్తా. ఎండెక్కక ముందే పోదాం" అంది ఆమె లోపలి నుంచి.

ఇప్పటికి నాలుగిళ్ళలో కట్టాం. కొలతలు నావి. ఆమె కుర్చీలోంచి లేచి బాగుందనే దాకా మాత్రం నేను పనిముట్లు సంచిలో సర్దను.