చాలా బాగుంది, ఇలాగే కొనసాగించండి

ఆ రోజుల్లో మా వైపు డిగ్రీ పోస్టులో వచ్చేది. పాఠాలు పోస్టులో వచ్చేవి, జవాబులు పోస్టులో పోయేవి. సారుకు ముఖం ఉంటుందని విద్యార్థులకు తెలియదు, వాళ్ళకు పేర్లుంటాయని సారుకు తెలియదు. తొంభైల్లో ఆత్మకూరులో అలాంటి ఒక దూరవిద్యా కేంద్రంలో జవాబులు దిద్దే కొత్త సారును నేను (దిద్దడమంటే టీ చల్లారేలోపు ఇరవై కాగితాలు తిప్పడం). ఒకసారి పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రతి విద్యార్థికీ ఆత్మీయంగా రెండు మాటలు రాయాలట! నేను నేరుగా బస్టాండు దగ్గరికి పోయి రబ్బరు స్టాంపు చేయించాను: "చాలా బాగుంది. మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంది. ఇలాగే కొనసాగించండి." ఒక్క మధ్యాహ్నంలో వందమందికి ఆత్మీయుణ్ణయిపోయాను. మా కేంద్రం పెద్దాయన "నీది బుర్రరా!" అని మెచ్చుకున్నాడు కూడా.

ఆ నెలే మొదటిసారి పెట్టిన ఆదివారం క్లాసుకు ఉదయగిరి నుంచి ఒకమ్మాయి వచ్చి, అందరి ముందూ నా స్టాంపు పడ్డ కాగితం చాపింది.

"ఇది మీరు రాసిందేనా సార్?"

"నేనేనమ్మా," అన్నాను గర్వంగా.

"నేనేం రాసినానో చదివినారా?"

అప్పుడు చదివాను. అందులో జవాబుల్లేవు. "మా నాయన కాలు ఇరిగింది. గొర్రెల్ని నేనే తోలుకోని పోవాల. చదువు మానుకుంటున్నాను సార్" అని ఉంది. కింద ఊదారంగులో నా ఆత్మీయత.

"నాకూ అదే ఉండాది రా!" అని వెనకనుంచి ఒకడు కాగితం ఎత్తాడు. ఆపైన అందరూ ఎత్తారు. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"మా నాయన కాలు ఇరిగితే మీకు చాలా బాగుండాదా సార్? ఒక్క మాట అడుగుదామని బస్సెక్కి వచ్చినాను. మానుకోవాల్నా, వద్దా?"

సిగ్గుతో చచ్చిపోయాను. మొట్టమొదటిసారి రోల్ నంబరు కాకుండా పేరడిగాను. "మానొద్దమ్మా. గొర్రెలు మేసేటప్పుడే రాయి. ఆలస్యమైనా నేను తీసుకుంటాను," అన్నాను. (అలా తీసుకోమని ఏ సర్క్యులరూ లేదు. పెద్దాయన నెలరోజులు నాతో మాట్లాడలేదు.)

అన్నట్టే ఆలస్యంగా రాసింది. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో పేజీ నిండా నా చేత్తో రాసి పంపాను. మరుసటి కవరులో, గొర్రె మూల నమిలిన కాగితం మీద, చివరి జవాబు కింద ఇలా ఉంది: "చాలా బాగుండాది సార్. మీరు ఎదురుగా కూర్చోని దిద్దినట్టే ఉండాది. ఇట్లనే కొనసాగించండి."

ఇప్పుడు మా అమ్మాయి కంప్యూటర్‌లో కాలేజీ పాఠం ముగించగానే తెరమీద "శభాష్!" అని వస్తుంది, పాఠం విన్నా వినకపోయినా. నా స్టాంపు వంశం బాగానే వృద్ధి చెందింది. అప్పుడు బీరువాలోంచి ఆ కాగితం తీసి చూసుకుంటాను. గొర్రె నమిలిన మూల చూస్తే నవ్వొస్తుంది. కింది వాక్యం దగ్గర మాత్రం ఈ వయసులోనూ కాస్త సిగ్గేస్తుంది.