తోమకూడని కుండ

ఆమె తోమిన పళ్లెంలో ముఖం చూసుకోవచ్చునని హోటలు వాళ్లు పెట్టిన పేరు అద్దాలత్త. గిన్నెలు తోమడంలోనే ఆమె జీవితం గడిచిపోయింది. అటువంటి మనిషికి ఇంట్లోని వడపోత కుండ లోపలి నల్లటి పూత కంట్లో నలుసైంది. కోడలు బజారుకు వెళ్లగానే ఇసుక, పీచు పట్టి అది మాయమయ్యేదాకా తోమి, మళ్లీ నీళ్లు నింపింది.

కోడలు తిరిగి వచ్చిన కాసేపటికే, వీధిలో కుండలు పంచిన ఆసుపత్రి నర్సమ్మ చూడవచ్చి, కుండలోకి తొంగిచూసింది.

"దీన్నెవరు తోమారు? ఆ నలుపే కదమ్మా మందు! కంటికి ఆననంత సన్నటి వెండి రేణువులవి. నీళ్లలో క్రిముల్ని చంపేది అవే!"

కుళాయి నీటిని శుభ్రం చేయవలసినవారు చేయని ఆ వీధికి ఈ కుండే దిక్కు. విరేచనాలతో వేలాడిపోయిన మనవడు ఇది వచ్చాకే తేరుకున్నాడు. లోపల కోడలు ఆ నీళ్లతోనే వాడికి పాలపొడి కలుపుతోంది. 'ఏ పిల్లో ఎలుకో గీకి ఉంటుంది' అన్న మాట అద్దాలత్త నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో పాలసీసా పిల్లవాడి పెదవులను సమీపించింది.

"ఆగవే! నేనే తోమాను! పారబొయ్యి!"

కోడలు సీసా వెనక్కి లాక్కుంది. "మీ చేతులు ఊరుకోవా అత్తయ్యా?" అంది.

"కొత్త కుండ రేపు తెస్తాను. అందాకా నీళ్లు కాచి చల్లార్చండి," అంది నర్సమ్మ.

పిల్లవాడు ఆకలితో గుక్కపట్టాడు. నీళ్లు మరిగేదాకా అద్దాలత్త ఒక చేతిని మరో చేత్తో గట్టిగా బిగించి పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడింది.