చెరువు పోయిన కుక్కలు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. పప్పులో ఉప్పు కాస్త ఎక్కువైతే బంగాళాఖాతం మా గిన్నెలోకి వచ్చిందని వీధి చివరిదాకా చెప్పి వస్తాను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్తాను. పెట్టెలో మాదొక గుంపు ఉంది. ఏ సంగతినైనా ఉన్నదున్నట్టు చెబితే అది దెందులూరు రాకముందే అయిపోతుంది. గూడెం దాకా సాగాలంటే కాస్త నానబెట్టాలి. అంచేత ఈ కుక్కల సంగతి చదివేటప్పుడు నేనిచ్చే ప్రతి కొలతలోనూ సగం తీసెయ్యండి. ఒక్కచోట మాత్రం సగం చాలదు, మొత్తం తీసెయ్యాలి. అదెక్కడో నేనే చెబుతాను.

కుక్కలు మా పక్కింటాయనవి. ఆయన మండవల్లి అవతల, కొల్లేటి అంచున చేపల చెరువు చేసేవారు. మనిషి మెత్తన, మాట మరీ మెత్తన. వారానికోసారి ఇంటికొచ్చి, బట్టలు మార్చుకుని, మళ్ళీ చెరువు గట్టుకు వెళ్ళిపోయేవారు. ఒక వేసవిలో ఉన్నట్టుండి మకాం ఎత్తేసి వచ్చేశారు. ట్రాలీ ఆటోలోంచి ఒక నులక మంచం దిగింది, ఒక వల దిగింది, మూడు కుక్కలు దిగాయి. మొదటిది దూడంత ఉంటుంది. రెండోది ఆ దూడ తల్లంత. మూడోదాని నీడలో ఆటోవాళ్ళు మధ్యాహ్నం పూట బండ్లు పెట్టుకునేవారు.

అవి గట్టు మీద పుట్టి గట్టు మీద పెరిగిన కుక్కలు. గోడ తెలీదు, గేటు తెలీదు, గొలుసు అసలే తెలీదు. కట్టేస్తే అన్నం ముట్టడం లేదని ఆయన జాలిపడి విప్పేశారు. ఆ పొద్దుటి నుంచి మా వీధి వాటి గట్టయిపోయింది. పాలాయన వీధి మొదట్లోనే నిలబడి పాకెట్లు విసరడం నేర్చుకున్నాడు. ఆరు నెలలు సాధన చేస్తే దేశం తరఫున ఆడగలిగే చెయ్యి. కొరియరాయన ఫోన్ చేసి, మీ ఇల్లు ఏలూరులోనే ఉందా అండీ, అడవిలో ఉందా అని అడిగాడు. గ్యాసు బండ మోసుకొచ్చేవాడైతే మా బండను కిరాణా కొట్లో దించి, అక్కడి నుంచి మీ ఓపిక అండీ అని వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. రైల్లో మావాళ్ళు నవ్వుకున్నారు కూడా. నేనూ రోజుకొక అంగుళం చొప్పున కుక్కల్ని పెంచుకుంటూ పోయాను.

మా అక్క మాతోనే ఉంటుంది. మిషన్ బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. అంతకుముందు ఏడాది స్నానాల గదిలో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు, లోపల రాడ్డు వేశారు, చేతికి వాకరు ఇచ్చారు. రోజూ నడవాలి, నడక మానేస్తే కాలు బిగుసుకుపోతుంది, ఆ తరువాత మేమేం చెయ్యలేం అని డాక్టరు గట్టిగా చెప్పారు. అక్కకు నడవాల్సిన దూరం ఎంతో కచ్చితంగా తెలుసు. మా వీధి చివర చర్చి ఉంది. మేం గుడి అనే అంటాం. ఆడవాళ్ళ వైపు రెండో బెంచీ ఆమెది. ఎన్ని ఆదివారాలుగానో అది ఖాళీగా ఉంది, ఆమె మా వసారాలో కూర్చుని మైకులో వచ్చే ప్రార్థనకు ఆమెన్ అంటోంది.

ఆటోలో తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదు. "నన్ను మోసుకెళ్ళేది ఒక్కసారే రా. అప్పుడెలాగూ మీరు నన్ను అడగరు. ఈలోపు నడిచే వెళ్తాను" అంది.

నడక మొదలైంది. మొదట గేటు దాకా. తరువాత కరెంటు స్తంభం దాకా. వానలు పడేలోపు ఇస్త్రీ బండి దాకా వెళ్ళి రాగలిగింది. ఇస్త్రీ ఆయన ఆమెను చూడగానే బల్ల మీది బట్టలు పక్కకు నెట్టి, ఒక్క నిమిషం కూర్చోండి టీచరుగారూ అనేవాడు. కూర్చుంటే మళ్ళీ లేవాలి కదా బాబూ అని ఆమె నిలబడే ఊపిరి తీసుకుని వెనక్కి తిరిగేది. ఇస్త్రీ బండి దాటితే గుడి మెట్లు కనబడతాయి.

ఆమె రోజూ వెళ్తూనే ఉంది, కుక్కలు పక్కింటి అరుగు మీద పడుకుని చూస్తూనే ఉన్నాయి. నేను వెనకాల గొడుగు పట్టుకుని అంగరక్షకుడిలా నడిచేవాణ్ణి. ఈలోగా వాకరు కాళ్ళకుండే రబ్బరు బుష్షులు అరిగిపోయాయి. సిమెంటు రోడ్డు మీద ఇనుము టంగు టంగుమని మోగేది. ఆ చప్పుడు మాకు బాగానే ఉండేది. అక్క నడుస్తోందని వంటింట్లో ఉన్న మా ఆవిడకు కూడా తెలిసేది.

ఒక పొద్దున ఆ చప్పుడుకే కుక్కలు మూడూ లేచాయి. మొరుగుతూ, చెవులు వెనక్కి పెట్టి, బాణాల్లా వచ్చాయి. నేను గొడుగు తెరిచాను, దాంతో అవి ఇంకా రెచ్చిపోయాయి. అవి ఆమెను కరవలేదు. చుట్టూ తిరిగాయి, అంతే. ఒకటి ముందు నుంచి, ఒకటి పక్క నుంచి, ఒకటి వెనక నుంచి. అక్క వాకరు ఎత్తి తిప్పబోయి, మురుగు కాలువ అంచు మీద పక్కకు పడిపోయింది. ఆమె పడగానే కుక్కలు మొరగడం మానేసి తోకలు ఊపాయి. ఇది మాత్రం నేను పెంచలేదు. నిజంగానే ఊపాయి.

ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఎముక బాగుంది, రాడ్డు కదల్లేదు. డాక్టరు సంతోషించారు, మేమూ సంతోషించాం. అక్క మాత్రం సంతోషించలేదు. ఏదైనా విరిగి ఉంటే అది అతుక్కునే దాకా అని ఒక గడువైనా ఉండేది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చేపల చెరువులవాళ్ళు ఎవరి దగ్గరైనా మాట పడాల్సి వస్తే, ఆ మాట రాకముందే చేప పంపుతారు. తప్పును బట్టి చేప. కుక్కలు వచ్చిన కొత్తలో నేను వెళ్ళి మొహమాటపడుతూ చెబితే సాయంత్రానికి శీలావతి చేప వచ్చింది. గ్యాసు బండ గొడవకు అంతకన్నా పెద్దది, బొచ్చె చేప వచ్చింది. దాని తలకాయ ఒక్కటే మా పెద్ద గిన్నెలో పట్టక, తోకను వీధి గుమ్మంలో పెట్టుకున్నాం. మా ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని, "ఇప్పుడు దీన్ని కోస్తే కుక్కల్ని క్షమించినట్టే. కొయ్యకపోతే కుళ్ళిపోతుంది. ఏం చెయ్యమంటారు, చెప్పండి" అనేది. నేనేం చెబుతాను? పులుసు తిన్న నోటితో మర్నాడు పోట్లాడే విద్య ఉభయగోదావరుల్లో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఆయన చేపలు పంపుతూ పోయారు, మేం తింటూ పోయాం. మా కోపం వండిన ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది.

అక్క పడిన రోజు కొర్రమీను వచ్చింది. బకెట్లో, ప్రాణంతో. ఆపరేషన్ అయినవాళ్ళకు మంచిదని కబురు కూడా తెచ్చింది. అది బకెట్లో గిరగిరా తిరుగుతుంటే అక్క మంచం మీద నుంచే అడిగింది.

"పక్కింటాయన పంపారా?"

"అవునక్కా."

"తిరిగి ఇచ్చెయ్యి. నాకు చేప వద్దు. దారి కావాలని చెప్పు."

బకెట్టు పట్టుకుని వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే లేచి నిలబడి కుర్చీ వేశారు. అక్క అన్న మాట చెప్పాను. ఆయన బకెట్టు అందుకుని లోపలి కొర్రమీనును చూశారు.

"పన్ను తగల్లేదు కదండీ" అన్నారు. అది వాదించే గొంతు కాదు. తగల్లేదని ఎవరైనా తనకు చెబితే బాగుండుననే గొంతు.

తగల్లేదు గాని, ఆవిడ మళ్ళీ గేటు దాటడం లేదని చెప్పాను. కుక్కల్ని చెరువు దగ్గరికే పంపెయ్యమని అడిగాను. ఆయన, ఆదివారం నాతో ఒకసారి మండవల్లి రండి అన్నారు.

ఆయన మోటారు సైకిలు మీద వెళ్ళాం. దారి పొడుగునా ఆయన మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా జిల్లా చరిత్రలో అదే మొదలు. చెరువు దగ్గర బండి ఆపారు. చెరువు లేదు. కొల్లేటి సరస్సు హద్దుల్లో ఉందని ప్రభుత్వంవాళ్ళు గట్టు కొట్టేశారు. తెగిన చోట నీళ్ళు అటూ ఇటూ ఒకటైపోయి, మీద గుర్రపుడెక్క అల్లుకుంది. మకాం పాక ఉన్నచోట నాలుగు గుంజలు మిగిలాయి. ఆయన ఒక గుంజను చేత్తో కదిపి చూశారు. ఎందుకో అది ఊడి రాకపోవడం ఆయనకు నచ్చినట్టుంది.

కొంచెం అవతల ఇంకొకరి చెరువు ఉంది. దాని మీదకు చేపల్ని తినే నీటికాకుల గుంపు దిగింది. వెంటనే గట్టు మీద మనిషి ఖాళీ నూనె డబ్బాను కర్రతో వాయించాడు. టంగు టంగు. ఎక్కడ పడుకున్నాయో ఏమో, నాలుగు కుక్కలు లేచి గట్టు వెంట మొరుగుతూ పరిగెత్తాయి. చెవులు వెనక్కి పెట్టి, బాణాల్లా. పిట్టలు లేచిపోగానే తోకలు ఊపుతూ డబ్బా మనిషి దగ్గరికి వచ్చాయి. అతను వాటికి ఏదో విసిరాడు.

అది మా అక్క వాకరు చప్పుడు.

పక్కింటాయనకు నేను చెప్పక్కర్లేకపోయింది. "డబ్బా మోగితే పరిగెత్తాలని నేనే నేర్పానండీ వాటికి. పని చేశామనుకున్నాయండీ అవి. ఇప్పుడు పని లేదని ఎలా చెప్పనండీ" అన్నారు. ఈ చెరువాయనకు ఇచ్చెయ్యకూడదా అని అడిగాను. అక్కడి కుక్కలు వీటిని బతకనివ్వవట. ఒకసారి తెచ్చి చూశారట. దూడంత ఉందని నేను చెప్పినదాని చెవి సగం అప్పుడే పోయిందట.

తిరిగి వస్తూ కైకలూరులో ఆగి చేపలు బేరం చేశారు. తలవంచుకుని మంచి శీలావతి ఏరి, ఇది మీ ఇంటికండీ అన్నారు. ఇన్నాళ్ళూ మాకు వచ్చినవి ఆయన చెరువులోవి కావని అప్పుడు అర్థమైంది. నేను వద్దనలేకపోయాను. పోట్లాడటానికి వెళ్ళినవాణ్ణి ఒళ్ళో చేప పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆ తరువాత చెయ్యగలిగినవన్నీ చేశాం. గూడెంలో కొత్త బుష్షులు కొన్నాను. వాటికింద సైకిలు ట్యూబు ముక్కలు కట్టాను. వాకరును రోడ్డు మీద పరిగెత్తించినా చీమకు వినబడదు. పక్కింటాయన పొద్దున్నే మూడు కుక్కలకూ గొలుసులు వేసి, వాటి మధ్యన నేల మీద కూర్చునేవారు. అవి ఏడ్చేవి. ఆయన వాటి తలలు నిమురుతూ మా గేటు వైపు చూసేవారు. టీచరుగారు బయటికి వచ్చారా అండీ అని గోడ మీంచి అడిగేవారు.

అక్క గేటు దాకా వచ్చేది. గడియ మీద చెయ్యి వేసేది. కాసేపు ఉండి, "రేపు చూద్దాంలే" అని వెనక్కి తిరిగేది. వానలన్నీ అలాగే గడిచాయి. క్రిస్మస్ నాటికి కాలు మోకాలి దగ్గర వంగడం మానేసింది. డాక్టరు ఈసారి గట్టిగా ఏమీ చెప్పలేదు. మెల్లగా చెప్పారు.

కాని ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు అక్క నడిచింది. గుడివాళ్ళు చేతుల్లో మట్టలు పట్టుకుని పాడుతూ మా వీధిలోకి వచ్చారు. అక్క గడియ తీసింది. వాకరు ముందుకు వేసింది. కరెంటు స్తంభం దాటింది, ఇస్త్రీ బండి దాటింది. ఇస్త్రీ ఆయన పెట్టె కింద పెట్టి నిలబడ్డాడు. గొలుసులు తెంపుకున్న మూడు కుక్కలూ కిక్కురుమనకుండా ఆమె ముందు నడిచి, దారిలో ఉన్న మేకల్ని తప్పించాయి. అక్క గుడి మెట్లు ఎక్కి, రెండో బెంచీలో తన చోటులో కూర్చుంది. రైల్లో ఈ ఘట్టం చెప్పినప్పుడు మా గుంపులో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మొత్తం తీసెయ్యాల్సింది ఇదే. ఈ ఆదివారం నేను కల్పించింది.

ఆ రోజు జరిగింది ఇది. మట్టలవాళ్ళు పాడుకుంటూ మా గేటు ముందు నుంచి వెళ్ళిపోయారు. అక్క లోపల కుర్చీలో కూర్చుని, వాళ్ళతో పాటు పాడింది. పాట వీధి చివరికి వెళ్ళి గుళ్ళోకి దూరాక కూడా కాసేపు వింటూ ఉండిపోయింది. తరువాత నన్ను పిలిచింది.

"రైల్లో ఆ కుక్కల్ని బాగా పెంచుతున్నావటగా."

"ఎవరు చెప్పారు?"

"మీ ఆవిడ చెప్పింది. గేదంత చేశావట. పోనీ, రేపు వెళ్ళినప్పుడు నన్ను కూడా కాస్త పెంచు. గుడి దాకా."

మర్నాడు భీమడోలు దాటాక మొదలుపెట్టి, గూడెం వచ్చేసరికి ఆమెను బెంచీలో కూర్చోబెట్టాను. సాయంత్రం ఇంటికి రాగానే అంతా చెప్పమంది. చెప్పాను. కుక్కలు దారి తియ్యడం ఆమెకు నచ్చలేదు, అది మరీ ఎక్కువైంది అంది. మెట్ల దగ్గర తనను ఎవరు పట్టుకున్నారని అడిగింది.

ఎవరూ పట్టుకోలేదని చెప్పాను.