బాపు గొంతు కోసం ఒంగిన మిషన్

మొన్న ఆసుపత్రిలో సూది వేసే ముందు నర్సమ్మ స్పిరిట్ అద్దిన దూదితో నా చేయి తుడిచింది. ఆ చల్లని ఘాటు ముక్కుకు తగలగానే నేను ఆసుపత్రిలో లేను. కరీంనగర్ బస్టాండు వెనక సందులో, గోడల నిండా దుప్పట్లు వేలాడదీసిన చిన్న గదిలో, సుగుణక్క పక్కన ఉన్నాను. పొద్దున తాళం తీయగానే ఆమె చేసే మొదటి పని అదే. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, టేప్ డెక్కు లోపల రీలు రాసుకుంటూ పోయే హెడ్డును తుడిచేది. అది మెరిసేదాకా ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. "ముఖం కడుక్కోకుండ దేవుని ముందట నిలవడ్తమా?" అనేది. ఆమెది రికార్డింగ్ సెంటర్. భజన మండళ్ల వాళ్లు, చర్చిల వాళ్లు అక్కడే పాటలు పాడి, క్యాసెట్లకు కాపీలు తీయించుకునేవారు. "మీ దేవుడైనా, మా దేవుడైనా ఈ హెడ్డు మీదికెల్లే పోవాలె. అందుకే దీనికి ఇంత మర్యాద," అని నవ్వేది.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి వెళ్లింది పని కోసం కాదు. నా సంచిలో మా బాపు గొంతు ఉంది.

చిన్నప్పటి జ్వరానికి నా కుడి కాలు చచ్చుబడింది. సుల్తానాబాద్‌లో మా ఇంటికి బడి దూరం కావడంతో నాన్నే, మా బాపే, నాకు బడి అయ్యాడు. పత్తి వచ్చే కాలంలో ఆయన ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుకు పనికి పోయేవాడు. పోయే ముందు మా పాత టేప్ రికార్డరు ముందు కూర్చుని, తాను లేని రోజుల కోసం పాఠాలు చదివి పెట్టేవాడు. బైబిలు ఒడిలో పెట్టుకుని, ఆ గొంతు వెంట వేలు జరుపుతూ నేను చదవడం నేర్చుకున్నాను. ఏటా పాత పాఠం మీదే కొత్తది ఎక్కించేవాడు కాబట్టి ఉన్న క్యాసెట్టు ఒక్కటే. ఒక ఏడు ఆయన తిరిగి రాలేదు. గుండె ఆగిపోయిందని మిల్లు నుంచి కబురు వచ్చింది. తర్వాతి వానాకాలం కప్పు కారి టేప్ రికార్డరు తడిసి పాడైంది. క్యాసెట్టు మాత్రం ట్రంకు పెట్టెలో ఉండి బతికింది. కానీ దాన్ని ఎవరి సెట్టులో పెట్టినా బాపు గొంగడి కప్పుకుని మాట్లాడుతున్నట్టే వినిపించేది. అది మాటేనని తెలిసేది, ఏ మాటో తెలిసేది కాదు. చూపించిన చోటల్లా రీలు అరిగిపోయింది, పారేయమన్నారు. ఉన్న ఒక్క గొంతునూ ఎలా పారేస్తాం? చివరికి మా అమ్మ, అవ్వ అనే పిలిచేదాన్ని, నన్ను బస్సెక్కించి కరీంనగర్ తీసుకొచ్చింది.

సుగుణక్క క్యాసెట్టు విని, కళ్లద్దాలు తీసి, "గిది ఏ సెట్టుల రికార్డు చేసిండు?" అని అడిగింది.

"ఇంట్ల పాత సెట్టు అక్కా. అది ఖరాబైంది."

"గా సెట్టుల మంచిగ వినొచ్చేదా?"

"గంట కొట్టినట్టు వినొచ్చేది."

"మరి రీలు అరిగిందన్నదెవడు? వాని చెవులు అరిగినయ్!"

బస్సెక్కినప్పటి నుంచి నోరు విప్పని మా అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సుగుణక్క మళ్లీ హెడ్డు తుడిచింది. గొంగడి పోలేదు. క్యాసెట్టు లోపల రీలును హెడ్డుకు అదిమే చిన్న స్పాంజీ ముక్క మార్చింది. పోలేదు. రీలునే విప్పి కొత్త డబ్బాలోకి ఎక్కించింది. అయినా పోలేదు. అప్పుడామె కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. మా చర్చిలో పెద్దలు ప్రార్థించేటప్పుడు తప్ప అంత నిశ్చలంగా కూర్చున్న మనిషిని నేను చూడలేదు.

"మీ బాపు సెట్టుల హెడ్డు జర వంకరుండె బిడ్డా," అంది కళ్లు తెరిచి. "ఆయన మాట గంత వంకరగనే రీలు మీద వడ్డది. నా హెడ్డు సక్కగుంది. సక్కగున్నదానికి ఆ మాట అందుతలేదు."

"మరెట్లక్కా?"

"ఎట్లేంది? మనమే ఒంగాలె."

హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే హెడ్డు వాలు మారుతుంది. మెకానిక్కులు సైతం దాని జోలికి పోరు; ఒకసారి కదిపితే మళ్లీ పాత చోటు దొరకబుచ్చుకోవడం పూర్తిగా చెవి పని. ఆమెకు అన్నం పెట్టేది ఆ డెక్కే. పైగా క్రిస్మస్ ముందు రోజులు. కాపీలు తీయాల్సిన చర్చి పాటలు బల్ల మీద పేర్చి ఉన్నాయి. నాకు భయం వేసింది. "వద్దక్కా, నీ మిషన్ ఖరాబైతది. దేవుని పని ఆగుతది," అన్నాను.

"ఆగితే మీ దేవునికి నేను సమజ్ చేస్త తియ్. నువ్వు పరేషాన్ గాకు," అని బాపు పాఠం నడుస్తుండగానే స్క్రూ మీద స్క్రూడ్రైవర్ మోపింది.

ఆమె చేయి కదిలినట్టే లేదు. గొంతు ముందు ఇంకా లోతుకు మునిగింది. ఆమె రెండో వైపుకు తిప్పింది. మూత తీసిన కుండలోంచి ఆవిరి లేచినట్టు మొదట బాపు ఊపిరి వచ్చింది. తర్వాత మాటల అంచులు వచ్చాయి. "సక్కగ సూడు బిడ్డా, ఉరుకకు. సమజైనంకనే వేలు జరుపు." ఆ మాట వెనక, దూరంగా, ఎవరో బియ్యం చెరుగుతున్నారు.

"గా చాట సప్పుడు నాదే," అంది అవ్వ.

సుగుణక్క ఆ పాఠాన్నంతా పక్కనున్న రెండో డెక్కులో కొత్త క్యాసెట్టుకు ఎక్కించి నా చేతికిచ్చింది. నాకు ఆత్రం ఆగలేదు. దగ్గరున్న మొదటి డెక్కులోనే పెట్టి నొక్కాను. మళ్లీ గొంగడి! సుగుణక్క నా వైపు చూసి పకపకా నవ్వింది. "పిచ్చిదానా, గిది ఇప్పుడు మీ బాపు కోసం ఒంగిన మిషన్. దీంట్ల సక్కగున్నది ఏది పెట్టినా గిట్లనే వినొస్తది. మన రూంల వినుడు వినుడు కాదు. దా, బయట వినాలె."

ఆమె ఏ కాపీనీ సందు మొదట్లో ఉన్న యాకూబ్ భాయ్ చాయ్ బండి మీద వినకుండా ఎవరికీ ఇచ్చేది కాదట. ఆయన సెట్టుకు పట్టిన పొగ, నూనె జిడ్డు చూస్తే అసలు మోగుతుందా అనిపిస్తుంది. "ఏమక్కా, మల్ల నా డబ్బాకు ఇమ్తెహానా, పరీక్షనా?" అన్నాడాయన. "నీ డబ్బాల వినొస్తే దునియాల యాడనైనా వినొస్తది," అంది సుగుణక్క. గ్లాసుల గలగల మధ్య, బస్సుల మోత మధ్య, నడివీధిలో మా బాపు మాట్లాడాడు. "సక్కగ సూడు బిడ్డా, ఉరుకకు." చాయ్ తాగుతున్న ఒకాయన నిజంగానే గ్లాసు దించి అటు చూశాడు. నేను నా కర్రకు ఆనుకుని నిలబడ్డాను. స్తోత్రం చెప్పుకుంటూ ఆ డబ్బా దగ్గరికి ఇంకాస్త ఒంగాను.

ఆ మధ్యాహ్నమంతా సుగుణక్క సరిగ్గా రికార్డయిందని తాను నమ్మిన ఒక క్యాసెట్టు పెట్టుకుని హెడ్డును మళ్లీ చక్కకు తెచ్చింది. మధ్యలో నన్ను పిలిచి, "ఇటు బాగుందా, అటు బాగుందా?" అని అడిగింది. నేను చెప్పిన చోటే ఆపి, ఒక కాపీ తీసి, యాకూబ్ భాయ్ బండి మీద విని వచ్చి, "నీకు చెవి ఉన్నది. క్రిస్మస్ కాంగనే పనికి రా," అంది. అలా కూర్చుని చేసే పని, కూడు, నలుగురిలో ఒక పేరు నాకు ఆ గదిలోనే దొరికాయి. సుగుణక్క ఇప్పుడు లేదు. నా ప్రార్థనలో కృతజ్ఞతలు చెప్పుకునే చోట బాపు పేరు తర్వాత ఆమె పేరే వస్తుంది. నా దేవుడు దానికి ఏమీ అనుకోడని నా నమ్మకం.

మా చర్చిలో దీనమ్మ అని ఒక ముసలామె ఉంది. పక్షవాతం వచ్చాక ఆమె మాట ఎవరికీ అందడం లేదు. అందరూ తలాడించి వెళ్లిపోతారు. ఆరాధన అయ్యాక నేను ఆమె పక్కన కూర్చుంటాను. కొంగు కింద నా బొటనవేలూ చూపుడువేలూ స్క్రూ తిప్పుతున్నట్టు వాటంతట అవే మెల్లగా తిరుగుతుంటాయి. ఇటు కొంచెం. కాదు, అటు. ఆమె ఊపిరి వినబడుతుంది ముందు. ఆ తర్వాత, ఉరకకుండా ఉంటే, మాట అంచు.