వాసన లేని గాలి

వాసన చూడటమే నా ఉద్యోగం. బిస్కెట్లు తయారుచేసే కంపెనీ ల్యాబులో యాలకుల ఎసెన్సుకీ వెనీలాకీ మంచిచెడ్డలు చెబుతూ ఏళ్లు గడిపాను. ఆ పేరు విని, చిన్న కర్మాగారాల్లో కాచే సారాలకు బహుమతులిచ్చే సంస్థ ఒకటి నన్ను నిర్ణేతగా రమ్మంది. కార్ఖానా బస్తీలోని మా ఇంట్లో ఈ సంగతి చెప్పగానే చెల్లెలు తల పట్టుకుంది.

"అక్కా, చర్చిలో ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి? మా అక్క సారా రుచి చూడ్డానికి పోయిందని చెప్పనా?"

"నోట్లో పోసుకుని ఉమ్మేస్తామే, తాగం," అన్నాను. అదీ ఆమెకు నచ్చలేదు.

బేగంపేటలో ఒక హోటల్ హాల్లో పోటీ జరిగింది. రుచికి మార్కులు వేరు, ముడిసరుకు ఎక్కడినుంచి ఎలా తెచ్చారన్నదానికి వేరు, పనివాళ్లను ఎలా చూసుకుంటున్నారన్నదానికి వేరు. పనివాళ్ల సంగతి చూడటానికి వచ్చిన పెద్దాయన కార్మికుల కేసులు వాదించిన వకీలు. ఆయన ముందు గ్లాసులు లేవు, చాయ్ ఉంది.

"నాకిది హరామ్ మేడమ్. వాసన మీరు చూడున్రి. పనోళ్ల తక్లీఫ్ ఏందో నేను చూస్తా," అన్నాడు. ఆయన్ని భాయ్‌సాబ్ అని పిలవడం అప్పుడే మొదలుపెట్టాను.

పేర్లు కనిపించకుండా తెచ్చిన గ్లాసుల్లో ఒకటి ఇప్పపువ్వు సారా. ఎండుద్రాక్ష, కొత్త బెల్లం, చివర్లో సన్నటి పొగ. అంత శుభ్రమైన సరుకు ఆ రోజు మరొకటి లేదు. అడవిలో పువ్వులు ఏరే ఆడవాళ్లతో ఫోన్లో మాట్లాడితే వాళ్లూ సంతోషంగానే ఉన్నారు. ఇక కర్మాగారం చూసి రావడమే మిగిలింది.

భాయ్‌సాబ్, నేను కారులో సైనిక్‌పురి మీదుగా నగరం దాటి వెళ్లాం. మేనేజరు మర్యాదగా అంతా చూపించాడు. పువ్వులు పులియబెట్టే షెడ్డులో మనిషికంటే ఎత్తైన తొట్లు వరుసగా ఉన్నాయి. వాటి పక్కన ఒకామె సీసాలు కడుగుతోంది. చేతులు పనిచేస్తున్నాయి కానీ, ఉండి ఉండి చివరి తొట్టి వైపు తల తిప్పి చూస్తోంది. మేనేజరు ఫోనొచ్చి బయటికి వెళ్లాక, అటు ఏముందమ్మా అని అడిగాను.

"మా ఆయన గా తొట్టిలకే దిగిండమ్మా, అడుగున మడ్డి తీస్తందుకు. మల్ల ఎక్కలే." ఆమె సీసా పక్కన పెట్టింది. "ఆయన బదులు నాకీ సీసాలు కడిగే పనిచ్చిన్రు. గీడ కూసుంటే పిలిచినట్టయితది. చూస్త. ఎవ్వలుండరు."

ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. పువ్వు పులిసేటప్పుడు పుట్టే గాలి బరువైనది. తొట్టి అడుగున చేరి, దిగినవాణ్ని ఊపిరాడకుండా చేస్తుంది. రంగుండదు, వాసనుండదు.

"ఇప్పుడు ఎట్ల దిగుతున్నరమ్మా?" అని భాయ్‌సాబ్ అడిగాడు.

"గట్లనే దిగుతున్నరు సారూ. నిచ్చెనేసుకొని."

"నీకేం గావాలె బేటీ?"

"నా పని పోవద్దు. గీ షెడ్డుల నుంచి జెర బయట పువ్వులల్ల పుల్లలేరేకాడికి మార్చమనున్రి, సాలు."

ఇంటికొచ్చాక నమూనా సీసా మళ్లీ తెరిచాను. ఇప్పుడు చేదుగా ఉంటుందనుకున్నాను. అలా ఉండాలని కోరుకున్నాను కూడా. అదే ఎండుద్రాక్ష, అదే బెల్లం. ఒక మనిషి పోయినా ఆ సారా రుచి ఏమీ మారలేదు. ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో నీళ్ల సంపు మూత తీసినప్పుడల్లా వంగి వాసన చూసేదాన్ని. ఏ వాసనా రాకపోతే భయమేసి వెనక్కి జరిగేదాన్ని.

నిర్ణేతలంతా కూర్చున్నప్పుడు ఒకరు, ప్రమాదాలు ఎక్కడైనా జరుగుతాయి కదా అన్నారు.

"అయినదాని గురించి కాదు సాబ్," అన్నాడు భాయ్‌సాబ్. "ఇయ్యాల సుత తాడు లేకుండ, గాలి చూడకుండ దించుతున్నరు. రేపు ఇంకొకడు పోతే, మన మెడల్ ఏడ పెట్టుకుంటరు?"

రుచికి నేనిచ్చిన మార్కులు తగ్గించలేదు. తగ్గిస్తే అబద్ధమవుతుంది. బహుమతి మాత్రం ఇవ్వకూడదని చెయ్యెత్తాను. ఇవ్వలేదు. ఆమె పని పోకుండా, ఆ షెడ్డు నుంచి మార్పించే పూచీ భాయ్‌సాబ్ తీసుకున్నాడు. యజమాని మొదట కోపంగా మాట్లాడాడు, భాయ్‌సాబ్ చట్టం చూపించాక దారికొచ్చాడు. తొట్లలోకి గాలి కొట్టే యంత్రం పెట్టించానన్నాడు. నడుముకు తాడు కట్టి, పైన ఒక మనిషిని నిలబెట్టి తప్ప ఎవరినీ దించడం లేదన్నాడు.

అవన్నీ నిజమో కాదో చూడటానికి ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఆమె పెరట్లో, ఆరబోసిన పువ్వుల దగ్గర ఎండలో కూర్చుని ఉంది. ఇక్కడ బాగుందా అని అడిగాను.

"మంచిగనే ఉందమ్మా," అంది. పువ్వుల్లోంచి ఒక పుల్ల తీసి పడేసి, తల ఎత్తకుండానే అంది, "ఇప్పుడు ఆయన పిలుస్తలేడు. గాడనే ఉంటే ఇనవడుతుండెనేమో."

ఆమె బాగు కోసమే మార్పించామనుకున్నాను. భాయ్‌సాబ్ మేనేజరుతో మాట్లాడి వచ్చేదాకా ఆమె పక్కనే కూర్చుని, పువ్వుల్లోంచి పుల్లలు ఏరుతూ ఉండిపోయాను.