మబ్బు కాకముందే

మా అమ్మ మీద నాకు ఇప్పటికీ కోపమే. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నేను పెట్టుకుంటాను. తప్పు చేయకుండా తిన్న దెబ్బ అది, ఎట్లా మరిచిపోతాను?

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా వీధిలో అద్దె గదులకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. మా బడికి కోస్తా నుంచి వచ్చిన కొత్త అయ్యవారు మా వీధి చివరే కాపురం పెట్టాడు. బడి పండగలో పద్యం చదవడానికి ఆడపిల్లల్లో నన్నొక్కదాన్నే ఎంచుకున్నాడు. ఆ సంతోషంలో నాకు అన్నం కూడా సహించలేదు.

మా అమ్మ శాసనం ఒకటుండేది. మబ్బు కాకముందే ఇంట్లో ఉండాలి. మాకు మబ్బు అంటే చీకటి. మబ్బైంది దీపం పెట్టు అంటాం, మబ్బున లేచి నీళ్లు తే అంటాం. ఆ మాట ఇంకో ఊరివాళ్లకు తెలియదని మాకేం తెలుసు?

ఒకనాడు సాయంత్రం పద్యం వల్లె వేయిస్తూ అయ్యవారు ఎంతకీ వదలడం లేదు. పొద్దు వాలుతోంది.

"మబ్బైతాంది అయ్యవారూ. మా అమ్మ కొడతాది," అన్నాను.

ఆయన కిటికీలోంచి ఆకాశం చూశాడు. ఎండాకాలం, ఎక్కడా ఏమీ లేదు.

"ఏదీ, ఎక్కడుందే మబ్బు? మీ సీమలో మబ్బులు కూడానా?"

నా మాట అర్థమైన పిల్లలు కూడా, ఆయన నవ్వాడు కదా అని నవ్వారు. ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను. అబద్ధాలాడే పిల్లకు పద్యమెందుకని నన్ను తీసేశాడు.

ఏడుస్తూ ఇంటికి చేరేసరికి చీకటి పడింది. అమ్మ అరుగు మీద బుడ్డలు ఒలుస్తోంది. ఏమైందే అని అడగాలా, వద్దా? ముందు చెంప చెళ్లుమనిపించి, తరువాత అడిగింది. చెప్పాను. మళ్లీ ఆ వేరుశనక్కాయలే ఒలుస్తూ కూర్చుంది.

మరునాడు తెల్లవారకముందే నా రెక్క పట్టి లేపి, అయ్యవారింటికి ఈడ్చుకుపోయి తలుపు దబదబా బాదింది. ఆయన తువ్వాలు కప్పుకొని తడుముకుంటూ వచ్చాడు.

"ఎవరమ్మా? ఇంత చీకట్లో ఏమిటి?"

"మీకు చీకటి. మాకు ఇదే మబ్బు. బాగా సూడండి సామీ. నా బిడ్డ అబద్ధం చెప్పలే."

ఆయన తలెత్తి ఆకాశం చూశాడు.

"కొట్టేదానికి నేనుండా. దాన్ని నలుగుర్లో నవ్వులపాలు చేసేదానికి మీరెవురు?"

పద్యం నాకు తిరిగి వచ్చింది. ఇంటికి వస్తూ, మరి నన్నెందుకు కొడితివని అమ్మను అడిగాను.

"మబ్బైనాక రాలేదా?" అంది. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

బడి పండగనాడు పెద్దల ఉపన్యాసాలతోనే పొద్దు గుంకింది. గ్యాసులైట్లు వెలిగించాక నన్ను పిలిచారు. రెండు పాదాలు చదివానో లేదో, ఆడవాళ్ల మధ్య కూర్చున్న అమ్మ కనబడింది. బయటంతా చీకటి. పద్యం ఆపేశాను, కాళ్లు ఇంటివైపు లాగాయి. అమ్మ లేచి నిలబడింది. అయిపోయింది, అందరి ముందూ ఈడ్చుకుపోతుంది అనుకున్నాను.

"మబ్బైతే కానీలే. నేనీడనే ఉండా. చదువు," అంది.

నేను చివరి పాదం చదివేదాకా ఆమె కూర్చోలేదు.