మాణిక్యాంబ గారి తల దగ్గర దీపం

నిన్న పొద్దున మా గ్రూపులో మాణిక్యాంబ గారి నంబరు నుంచి మెసేజ్ వచ్చింది.

నవ్వుతున్న ఆవిడ ఫోటో పక్కనే, "అత్తయ్య గారు ఇక లేరండీ" అని.

ఆవిడ ఫోన్‌లోంచి కోడలు సుజాత పెట్టిందని అర్థమయ్యేదాకా నాకు ఒళ్ళు జలదరిస్తూనే ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మాది ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఫుడ్ ల్యాబుల్లో పనిచేసేవాళ్ళ గ్రూపు. కల్తీ పట్టే పద్ధతులు ఒకరికొకరం నేర్పుకుంటాం. రిటైరై, తొంభై దాటినా ఆవిడే మాకు పెద్ద దిక్కు.

ఎవరు కొత్త టెస్ట్ గురించి రాసినా ఆవిడది ఒకటే ప్రశ్న.

"మీ ఇంటి నూనె పెట్టి చూశారా అండీ?"

మా తమ్ముడి గానుగ నూనె కూడా చూడమంటే నాకు ఒళ్ళు మండింది. ఏలూరు వెళ్ళి మొహం మీదే అడిగేశాను. అప్పుడు చెప్పారు.

1930లలో, ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వాళ్ళ నాన్నగారు ఏలూరులో కాంపౌండర్. ఊళ్ళో జనానికి కాళ్ళు వాచి, ఆయాసంతో ప్రాణాలు పోతున్నాయి. నువ్వుల్లో బ్రహ్మదండి అనే విషపు కలుపుమొక్క గింజలు కలిశాయని అనుమానం.

అప్పుడూ ఒక గ్రూపు ఉండేదట. డాక్టర్లు, కాంపౌండర్లు కార్డుల మీద టెస్టులు రాసి పంపుకునేవారు. తాడేపల్లిగూడెం నుంచి ఒక పద్ధతి వచ్చింది. నూనెలో నైట్రిక్ యాసిడ్ వేసి ఊపాలి. కింది పొర ఎర్రబడితే విషం.

ఆయన ఊళ్ళో ప్రతి కొట్టు నూనెనీ చూశారు. తన వంటింట్లోది తప్ప.

అది కొల్లేటి లంక నుంచి, భార్య పుట్టింటివాళ్ళు పడవ మీద పంపిన నూనె. అత్తారింటి నూనెని అనుమానించడం ఏం మర్యాద?

ఇంట్లో అందరికీ కాళ్ళు వాచాయి. అమ్మ మాత్రం బతకలేదు.

శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు దీపం చూసి వెళ్ళిపోయారు. నాన్నగారు ఆ దీపం ముందే కూర్చుని, ప్రమిదలోంచి కాస్త నూనె గాజుగొట్టంలోకి తీసి, యాసిడ్ వేశారు.

ఎర్రబడింది.

"ఆ తర్వాత నాన్నగారు నవ్వగా నేను చూడలేదమ్మా" అన్నారు మాణిక్యాంబ గారు.

వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు.

"మా నూనె కూడా కోడలి పుట్టింటి నుంచే వస్తోంది. అందరికీ చెప్తాను గానీ, మా ఇంట్లో అడగలేకపోయాను. సుజాత నొచ్చుకుంటుంది. నేను పోయాక నా దీపంలోది చూడు. అప్పుడెవరూ కాదనరు. పసిపిల్లలున్న ఇల్లమ్మా."

నిన్న సాయంత్రం ఏలూరు వెళ్ళి, ఆవిడ తల దగ్గర పెట్టిన దీపం ముందు కూర్చున్నాను. ఫ్యాన్లు ఆపేశారు, గాలి లేదు. అయినా వత్తి నా వైపు ఒరిగింది.

డ్రాపర్ తీస్తుంటే బంధువులు నన్ను చేతబడి చేసేదాన్ని చూసినట్టు చూశారు. సుజాత చెవిలో విషయం చెప్పాను. తనే ప్రమిద నా దగ్గరికి జరిపింది.

ఇవాళ పొద్దున ల్యాబులో యాసిడ్ వేసి ఊపి, కింది పొర తేరుకునేదాకా చూస్తూ కూర్చున్నాను. వెనక ఎవరో నిలబడి, నా భుజం మీంచి చూస్తున్నట్టే ఉంది. భయమేసింది. తిరిగి చూడలేదు.

ఫోన్‌లో మెసేజ్ వచ్చిన చప్పుడు. మాణిక్యాంబ గారి నంబరు.

"రంగు వచ్చిందా అండీ?"

సుజాతేనని తెలుసు. అయినా జవాబు పెద్దావిడకే రాశాను.

రాలేదమ్మా. పిల్లలు తినొచ్చు.

ఇంక హాయిగా పడుకోండి.